చవక బూటుకూ ఒక వంశం ఉంది

విశాఖపట్నం కూర్మన్నపాలెం కూడలిలో, ఉక్కు కర్మాగారానికి దారితీసే ఆర్చి దగ్గర, తెల్లవారేసరికి రెండు రకాల బూట్లు ఎదురుపడతాయి. షిఫ్టుకు వెళ్లే కార్మికుడి కాలికి ఉండేది సేఫ్టీ షూ. దాని ముందు భాగంలో ఉక్కు టోపీ ఉంటుంది. 200 జౌల్స్ దెబ్బ పడినా వేళ్లు నలగకుండా అది కాపాడాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 15298 చెబుతుంది. ఒక్కో బూటు అరకిలో దాటుతుంది. అదే రోడ్డు పక్కన పోలీసు ఉద్యోగానికో సైన్యానికో రన్నింగ్ ప్రాక్టీస్ చేసే కుర్రాళ్ల కాళ్లకు ఉండేది వెయ్యి, పదిహేను వందల రూపాయల్లో దొరికే తేలిక బూటు. మొదటిది ఏం పని చేయాలో, ఎంత దెబ్బకు ఆగాలో కాగితం మీద రాసి ఉంది. రెండోదాని గురించి మాత్రం ‘ఖరీదైనది కొనలేనివాడు సర్దుకుపోయేది’ అనే మాటతో సరిపెట్టేస్తారు. ఆ మాట చరిత్రకు విరుద్ధం. పరుగు బూట్ల వంశంలో చవకదే పెద్దది, ఖరీదైనది దానికి తరవాత పుట్టింది. కాబట్టి చవక తేలిక బూటును ఖరీదైనదాని పక్కన నిలబెట్టి మార్కులు వేయడం కాదు, దాన్ని రోజూ వేసుకునే మనిషి పని పక్కన నిలబెట్టి పరీక్షించాలి.

ఆ మనిషి పనేమిటో తెలియాలంటే ఈ నేల కథ కొంత చెప్పుకోక తప్పదు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ ఉద్యమం రాష్ట్రాన్ని ఊపేసింది. టి. అమృతరావు ఆమరణ దీక్షకు కూర్చున్నారు. కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. దానికోసం అరవైకి పైగా గ్రామాలు భూములు వదులుకున్నాయి. ఆ ఊళ్ల నుంచి లేచిన కుటుంబాలు గాజువాక, వడ్లపూడి, పెదగంట్యాడ, కూర్మన్నపాలెం చుట్టుపక్కల కాలనీల్లో స్థిరపడ్డాయి. వాళ్ల చేతికి వచ్చింది ఆర్-కార్డు, అంటే ప్లాంటులో ఉద్యోగం వస్తుందన్న ఆశ. అందరికీ రాలేదు. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక, మరుసటి నెలలోనే ఈ కూర్మన్నపాలెం కూడలిలో కార్మికుల దీక్షా శిబిరం వెలిసింది. ఒక తరం పొలం పోగొట్టుకుని ప్లాంటు గేటు వైపు చూసింది. ఆ గేటు ఇరుకైపోతుంటే తరవాతి తరం యూనిఫాం ఉద్యోగాల వైపు తిరిగింది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం పక్కనే ఉంది. ఉత్తరాంధ్ర ఊళ్ల నుంచి సైన్యానికి వెళ్లడం ఎప్పటినుంచో ఉన్నదే.

యూనిఫాం ఉద్యోగానికి తలుపు పరుగు పందెం దగ్గర ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో కానిస్టేబుల్ పురుష అభ్యర్థులకు 5 కిలోమీటర్ల పరుగు ఉండేది, 25 నిమిషాల్లో ముగించాలి. తరవాత ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలోకి 1600 మీటర్లు వచ్చింది. పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు పదిన్నర నిమిషాలు. సైన్యం ర్యాలీల్లో 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తిచేస్తే 60 మార్కులు. ఆ గడువు దాటి 5 నిమిషాల 45 సెకన్లలోపు వస్తే 48 మార్కులే అన్న పద్ధతి చాలాకాలం నడిచింది. పదిహేను సెకన్లకు పన్నెండు మార్కులు! అభ్యర్థులు ‘ఈవెంట్స్’ అని పిలిచే ఈ పరీక్షలకు నెలల తరబడి సాధన చేస్తారు. నగరాల్లో ఆరోగ్యం కోసమో, మారథాన్ పతకం కోసమో పరుగెత్తేవాళ్లకు బూటు అభిరుచికి సంబంధించిన వస్తువు. ఇక్కడ అది పుస్తకాలు, దరఖాస్తు రుసుము, కోచింగ్ ఫీజు లాంటి ఖర్చే. ఇంట్లో ఆ ఖర్చులన్నీ ఒకే చేతి నుంచి రావాలి. అందుకే ఈ బూటు చవకదై ఉండటం దాని లోపం కాదు. అది నెరవేర్చాల్సిన మొదటి షరతే అది.

ఇప్పుడు వంశం సంగతి. రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే పద్ధతి 19వ శతాబ్దం మధ్యలో చేతికి వచ్చాక, గుడ్డ పైభాగం, రబ్బరు అడుగు కలిపిన బూటు ఇంగ్లండులో, అమెరికాలో పుట్టింది. తోలు బూటుకన్నా తేలిక, తోలు బూటుకన్నా చవక. ఈ రెండు గుణాలూ కవలలుగా పుట్టాయన్నది గమనించాల్సిన సంగతి. మన దేశంలో దాన్ని ఇంటింటి వస్తువు చేసింది బాటా. 1930లలో కలకత్తా దగ్గర కర్మాగారం పెట్టి బాటానగర్ అనే పట్టణాన్నే కట్టింది. 1936లో మొదలైన బాటా టెన్నిస్ బూటు బడి పిల్లల డ్రిల్లు క్లాసుకు యూనిఫాం అయింది. సుద్దపూత పూసి ఆరబెట్టుకునే ఆ తెల్ల కాన్వాస్ బూటే తెలుగునాట కొన్ని తరాలకు మొదటి పరుగు బూటు. తరవాత లఖానీ, యాక్షన్, లిబర్టీ లాంటి ఉత్తరాది కంపెనీలు వచ్చాయి. హర్యానాలోని బహదూర్‌గఢ్ తోలు లేని బూట్లకు దేశంలోనే పెద్ద కేంద్రంగా ఎదిగింది. గాజువాక మెయిన్‌రోడ్డు షాపుల్లో వేలాడే జతల్లో చాలావాటి పుట్టిల్లు ఆ ప్రాంతమే.

ఖరీదైన బూటు కథ కూడా చవక బూటుతోనే మొదలైందని చెబితే కొందరికి నమ్మబుద్ధి కాదు. 1949లో జపాన్‌లోని కోబె నగరంలో కిహాచిరో ఒనిత్సుకా బూట్ల కంపెనీ పెట్టారు. 1960ల తొలినాళ్లలో పరుగు బూట్లలో జర్మన్ కంపెనీలదే పైచేయి. అమెరికాలో ఫిల్ నైట్ అనే విద్యార్థి స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూ ఒక వ్యాసం రాశాడు. జర్మన్ కెమెరాలను జపాన్ కెమెరాలు వెనక్కి నెట్టినట్టే, జర్మన్ బూట్లను జపాన్ చవక బూట్లు నెట్టగలవా అన్నది అందులో ప్రశ్న. 1964లో తన పరుగుల శిక్షకుడు బిల్ బౌవర్‌మన్‌తో కలిసి ఒనిత్సుకా బూట్లను దిగుమతి చేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ వ్యాపారమే తరవాత నైకీ అయింది. బౌవర్‌మన్‌కు బరువంటే పడదు. ప్రతి గ్రామునూ కోసేయాలని తపించేవాడు. 1970ల తొలినాళ్లలో ఇంట్లోని వాఫుల్ పెనంలో రబ్బరు పోసి, గళ్లుగళ్లుగా ఉండే అడుగును తయారుచేశాడు. పట్టు పెరిగింది, బరువు తగ్గింది. ఈ రోజు ఇరవై వేల రూపాయలకు బూట్లు అమ్మే కంపెనీ నిలబడింది, చవకగా తేలికగా కూడా మంచి బూటు చేయొచ్చన్న వాదన మీద. ఆ వాదన అప్పుడు నిజమైతే, ఇప్పుడు అబద్ధం కావడానికి కారణం ఉండాలి కదా.

కారణం ఉందేమో చూడటానికి బూటును అడ్డంగా కోసి చూడాలి. కిందిది రబ్బరు, రోడ్డును పట్టుకునే పొర. పైది జాలీగుడ్డ. రెండింటి మధ్య ఉండే మెత్తటి పొరలోనే పరుగు బూటు ప్రాణమంతా ఉంది. 1970ల మధ్యలో అమెరికా కంపెనీ బ్రూక్స్ ఆ పొరకు ఇథిలీన్ వినైల్ ఎసిటేట్ నురుగు వాడింది. దాన్నే ఈవీఏ అంటారు. గుళికల రూపంలో ఉండే ఈ ప్లాస్టిక్‌లో వాయువు పుట్టించే రసాయనం కలిపి, మూసలో బిగించి వేడిచేస్తారు. మూస తెరిచిన క్షణంలో అది ఒక్కసారిగా ఉబ్బి, తాను కూర్చున్న మూసకన్నా పెద్దదవుతుంది. విరిచి చూస్తే ఇడ్లీ లోపలిలా సన్నని గదులు కనిపిస్తాయి. తేడా ఏమిటంటే ప్రతి గదీ మూసుకుని ఉంటుంది, లోపలి వాయువు బయటికి పోదు. అడుగు పడ్డప్పుడు ఆ గదులు నలుగుతాయి, కాలు లేవగానే తిరిగి పొంగుతాయి. అదే నురుగును మళ్లీ వేడిచేసి అచ్చులో అదిమితే వచ్చేదాన్ని బూట్ల వ్యాపారంలో ఫైలాన్ అంటారు. పాత చవక బూట్లకు పీవీసీ అడుగు ఉండేది, నీళ్లలో వేస్తే రాయిలా మునిగేది. ఈవీఏ నురుగు తేలుతుంది. మన చవక బూటు గత రెండు దశాబ్దాల్లో బరువు తగ్గడానికి అసలు కారణం ఈ పదార్థం మారడమే. దీని పేటెంటు రహస్యాలేవీ ఇప్పుడు మిగల్లేదు, యంత్రాలు ఎవరైనా కొనుక్కోవచ్చు. వెయ్యి రూపాయల బూటులోనూ ఐదు వేల రూపాయల సాధారణ ట్రైనింగ్ బూటులోనూ మధ్య పొర చాలాసార్లు ఒకే కుటుంబానికి చెందిన నురుగు.

ఈ పని మన రాష్ట్రంలోనూ జరుగుతోంది. తడ దగ్గర మాంబట్టులోని అపాచీ కర్మాగారంలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. కార్మికుల్లో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు. పైభాగాన్ని కుట్టి, కాలి ఆకారం అచ్చు మీద బిగించి, జిగురు పూసి వేడిచేసి, అడుగుతో కలిపి అదుముతారు. ఆంధ్ర కూలి, ఆంధ్ర కరెంటు, ఆంధ్ర ఆడపిల్లల వేళ్లు చేసిన బూటు కూర్మన్నపాలెం కుర్రాడికి అందని ధరలో తిరిగి మన షోరూముకు వస్తే, ఆ ధరలో ఎంత భాగం కాలికి, ఎంత భాగం పేరుకు అని అడిగే హక్కు మనకుంది.

ఇక తేలికదనం నిజంగా పనికొస్తుందా అన్నది కొలిచి చెప్పగలిగిన విషయం. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు బూటు బరువు 100 గ్రాములు పెరిగితే పరుగెత్తడానికి శరీరం ఖర్చుపెట్టే శక్తి సుమారు 1 శాతం పెరుగుతుందని కొలిచారు. 2016లో మరో అడుగు వేశారు. పరుగెత్తేవాళ్లకు చెప్పకుండా బూట్లలో చిన్న సీసపు గుళికలు దాచి, 3 కిలోమీటర్లు పరుగెత్తించారు. 100 గ్రాములకు సుమారు 0.78 శాతం చొప్పున సమయం పెరిగింది. దీన్ని మన ర్యాలీ మైదానానికి తెచ్చి చూద్దాం. ఐదున్నర నిమిషాలంటే 330 సెకన్లు, అందులో 0.78 శాతం అంటే రెండున్నర సెకన్లు. గీతకు అటో ఇటో ఉన్న కుర్రాడికి రెండున్నర సెకన్లు పన్నెండు మార్కులు కావచ్చు. సాధనలో లెక్క ఇంకా పెద్దది. కిలోమీటరుకు సుమారు వెయ్యి అడుగులు పడతాయి, అంటే ఒక్కో కాలు ఐదు వందల సార్లు లేస్తుంది. 100 గ్రాముల అదనపు బరువుతో 5 కిలోమీటర్లు పరుగెత్తితే ఒక్కో కాలు రోజుకు 250 కిలోలు ఎక్కువగా ఎత్తినట్టు. తేలికదనం విలాసం కాదని చెప్పడానికి ఈ లెక్క చాలు. తేలికగా చేయడానికి ఖరీదైన పదార్థం అక్కర్లేదు, అక్కర్లేని అలంకారం తీసేస్తే చాలు. మడమ వెనుక ప్లాస్టిక్ ముక్కలు, మెరిసే పట్టీలు, ఎత్తు కోసం అతికించిన అడుగు వల్ల బరువు పెరుగుతుందే తప్ప పరుగు పెరగదు. చవక బూట్లలో నాకు కనిపించే నిజమైన దోషం ఇదే. చాలా కంపెనీలు ఖరీదైన బూటు పనిని వదిలేసి దాని రూపాన్ని అనుకరిస్తాయి.

చవక బూటు వేసుకుంటే మోకాళ్లు పోతాయన్నది అందరి నోటా వినిపించే ఆక్షేపణ. దీన్ని కొట్టిపారేయకూడదు, ఎందుకంటే గాయమైతే ఆ సంవత్సరపు అవకాశమే పోతుంది. అయితే సాక్ష్యం ఏం చెబుతోంది? స్కాట్లండ్‌లోని డండీ పరిశోధకులు ఒకే కంపెనీల చవక, మధ్యరకం, ఖరీదైన బూట్లను పోల్చి 2008లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ప్రచురించారు. అరికాలి మీద పడే ఒత్తిడిని తగ్గించడంలో గానీ, సుఖంలో గానీ ధర పెరిగినంత మాత్రాన మేలు కనిపించలేదు. లక్సెంబర్గ్‌లో 848 మందికి పైకి ఒకేలా కనిపించే మెత్తటి, గట్టి బూట్లు ఇచ్చి ఆరు నెలలు గమనించిన అధ్యయనం 2020లో వచ్చింది. గట్టి బూట్లు వేసుకున్నవాళ్లకు గాయాల ముప్పు ఎక్కువని తేలింది. అదీ ముఖ్యంగా శరీర బరువు తక్కువున్నవాళ్లలో. బక్కపలచని మన కుర్రాళ్లు, అమ్మాయిలు పట్టించుకోవాల్సిన ఫలితం ఇది. రెండు అధ్యయనాలనూ కలిపి చదివితే తేలేదేమంటే, ప్రశ్న ధర గురించి కాదు, మధ్య పొర గట్టిదనం గురించి. చవక బూటు గట్టిగా ఉంటే ఆక్షేపణ నిలుస్తుంది, మెత్తగా ఉంటే నిలవదు. షాపులో బొటనవేలితో మడమ కింది పొరను పక్కనుంచి నొక్కి చూస్తే ఏ మాత్రం లొంగని బూటు పీవీసీదో, నాసిరకం నురుగుదో అయి ఉంటుంది. దాన్ని వదిలేయాలి, ఎంత తేలికైనా సరే.

ఇంకో ఆక్షేపణ దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. అసలు బూటెందుకు, తాతలు వట్టికాళ్లతో పరుగెత్తలేదా అని. ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్ మారథాన్‌ను వట్టికాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచిన మాట నిజమే. ఆయనే 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని 2 గంటల 12 నిమిషాల చిల్లరలో గెలిచాడన్నది మాత్రం చాలామంది చెప్పరు. 2012లో కొలరాడో పరిశోధకులు పాదానికీ బూటుకూ బరువు సమానం చేసి చూస్తే, బూటు వేసుకున్నప్పుడే శక్తి ఖర్చు 3 నుంచి 4 శాతం తక్కువైంది. మెత్తటి పొర కండరాల పనిలో కొంత తాను తీసుకుంటుంది. పైగా జాతీయ రహదారి 16 అంచున కంకర, గాజుపెంకులు, లారీల నుంచి రాలిన ఇనుప ముక్కలు ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దెక్కితే తారు కాలుతుంది. తేలిక బూటు ఎంత తేలికైనా ఈ రక్షణ మాత్రం ఇవ్వాలి. వట్టికాళ్ల వాదానికి మైదానం ఉన్నచోట చోటుంది, గడ్డి మైదానం లేని కూడలిలో లేదు.

చవక బూటు మన్నదన్న మాటలో నిజం ఎక్కువే ఉంది. ఇది ధరకు మాత్రమే కాదు, సముద్రతీరపు తేమకూ సంబంధించిన సమస్య. పాలీయూరిథేన్ అడుగులు తేమలో నిల్వ ఉంటే నీటి అణువులు ఆ పదార్థపు గొలుసులను తెంపేస్తాయి. పెట్టెలో భద్రంగా దాచుకున్న జత కూడా ఒకరోజు పొడిపొడిగా రాలిపోతుంది. ఈవీఏకి ఆ రోగం లేదు. దాని జబ్బు వేరు. రోజూ నలిగి నలిగి లోపలి గదుల గోడలు కూలి, పొర పలచబడి గట్టిపడుతుంది. అడుగు అరగకముందే మెత్తదనం చచ్చిపోతుంది కాబట్టి బయటి అరుగుదలను చూసి లెక్కవేస్తే మోసపోతాం. వాననీళ్లకూ, చెమటకూ ముందు లొంగేది జిగురు. వేళ్ల వంపు దగ్గర సోల్ నోరు తెరుస్తుంది. బూటును ఎండలో, బండి ఇంజన్ మీద ఆరబెట్టడం వల్ల జిగురు ఇంకా త్వరగా వదులుతుంది. లోపలి అట్ట తీసి, కాగితాలు కుక్కి, నీడలో ఆరబెట్టాలి. రెండు చవక జతలు మార్చి మార్చి వాడితే నురుగుకు తేరుకునే వ్యవధి దొరుకుతుంది, తడి ఆరుతుంది. ఒక ఖరీదైన జత ధరకన్నా అప్పటికీ తక్కువే పడుతుంది. మన్నిక ఆక్షేపణకు నా దగ్గరున్న జవాబు ఇదే. ఇది పూర్తి జవాబు కాదు. వానాకాలంలో రెండు నెలలకే సోల్ ఊడిపోయే బూటుకు ఏ లెక్కా సమర్థన కాదు.

మధ్య పొరలో కార్బన్ పలక పెట్టిన ఖరీదైన బూట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2017లో వచ్చిన నైకీ వేపర్‌ఫ్లై 4 శాతం శక్తి ఆదా చేస్తుందన్నది కొలతలకు నిలిచింది. 2019 అక్టోబరు 12న వియన్నాలో ఎలియుద్ కిప్‌చోగె మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో దాటాడు. 2020 జనవరిలో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ అడుగు మందం 40 మిల్లీమీటర్లు, పలక ఒక్కటే అని గీత గీసింది. అవి పోటీ రోజు బూట్లు. విశాఖ ముద్దుబిడ్డ జ్యోతి యర్రాజీ 2022 మేలో 13.23 సెకన్లతో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఇరవై ఏళ్ల నాటి జాతీయ రికార్డును చెరిపేసింది స్పైక్స్‌తో. స్పైక్స్‌తో ఎవరూ రోజూ రోడ్డు మీద సాధన చేయరు. పోటీ బూటు ఏడాదికి కొన్ని నిమిషాలు పనిచేస్తుంది, సాధన బూటు ఏడాది పొడుగునా పనిచేస్తుంది. దేశంలో పరుగు ఎంతమందికి అందుతుందో నిర్ణయించేది రెండోదే.

ప్రభుత్వం దగ్గర ఈ ఎరుక కొంత కనిపిస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 రూపాయల వరకు ఉన్న పాదరక్షల మీద జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. రోజువారీ సాధన బూటు ఈ గీతకు కిందే ఉంటుంది. పన్ను తగ్గింది కాబట్టి కంపెనీల నుంచి ఇంకొకటి అడగడానికి ఇదే సమయం. పెట్టె మీద గరిష్ఠ చిల్లర ధర, సైజు, తయారైన నెల, సంవత్సరం ముద్రిస్తున్నారు. ఒక్కో బూటు ఎన్ని గ్రాములో, మధ్య పొర ఏ పదార్థమో కూడా అదే పెట్టె మీద ముద్రించాలి. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త పరిశోధన అక్కర్లేదు. ఆ ముద్ర వచ్చేదాకా ఈవెంట్స్‌కు సిద్ధమవుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ షాపులో మొహమాటపడకుండా కాటా అడిగి బూటును తూచుకోండి, మడమ దగ్గర నొక్కి చూసుకోండి, తయారైన నెల చదివి మరీ కొనుక్కోండి.